సొరనూనె బండి

ఆ వేసవి మేం కాపురం ఇంట్లో చెయ్యలేదు, బండిలో చేశాం.

ఇల్లు కార్తీకమాసపు గాలివానకి పోయింది. ఓడలరేవులో మా ఇల్లుండే చోట ఇప్పుడు గోదారీ సముద్రమూ కలిసి ఉంటున్నాయి. పడవ కూడా ముక్కలైంది. మా మావగారు బంగారయ్య ఆ పడవకి సరంగు. నలభై ఏళ్ళు చుక్కాని పట్టిన మనిషి. ఆయన ఏడవలేదు. ఒడ్డుకి కొట్టుకొచ్చిన పలకలన్నీ ఏరుకొచ్చి, అత్తగారి పుట్టింటి నుంచి ఒక ఎడ్లబండి తెచ్చి, దాని మీద గది కట్టేశారు. గోడలు పడవ పలకలు, పైకప్పు తాటాకు, వెనక ఒక బుల్లి తలుపు. తెరచాప కొయ్యలో మిగిలిన సగం ముక్కని బండి పక్కన తాళ్ళతో కట్టారు. ఎందుకని అత్తగారు అడిగితే "ఉండనీ" అన్నారు. లోపల ఉట్టి, ఎండుచేపల బుట్టలు, ఒక కోడిపెట్ట, ముగ్గురు మనుషులు. ఒకళ్ళు పక్కకి తిరిగి పడుకోవాలంటే ముగ్గురమూ తిరగాలి.

నాలుగో మనిషి, మా ఆయన బుల్లబ్బాయి, ముందే వెళ్ళిపోయాడు. రావులపాలెం దాపున కొత్తగా తవ్విన కాలవ మీద రేవు పెడుతున్నారనీ, జనాన్ని దాటించడానికి పడవ తెలిసిన కాపురం ఒకటి కావాలనీ, గట్టు మీద ఇంటిజాగా కూడా ఇస్తారనీ మాఘంలో కబురొచ్చింది. మా ఆయన వెళ్ళి అక్కడి కరణం సత్యనారాయణమూర్తిగారికి దండం పెట్టి అడిగాడు. ఆయన చెప్పింది ఒకటే మాటట. "ఒంటివాడికి ఇవ్వనయ్యా. నువ్వో రోజు మూట కట్టుకుని పోతే పడవ నేను లాగాలా? చైత్ర పౌర్ణమి నాటికి నీ కాపురం వచ్చి నా కళ్ళకి కనబడాలి. లేదూ, పోలవరం నుంచి ఎర్రయ్య వాళ్ళు కాచుక్కూర్చున్నారు, వాళ్ళకి రాసేస్తాను."

అంటే మా కాపురం, కోడిపెట్టతో సహా, పౌర్ణమి లోపల పద్నాలుగు కోసులు నడవాలి. సప్తమినాడు బయల్దేరాం.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. కోడలు బిడ్డని కనేదాకా మావగారితో నేరుగా మాట్లాడకూడదు. ఏదైనా ఉంటే అత్తగారికి చెప్పాలి, ఆవిడ ఆయనకి చెప్తుంది. ఇల్లున్నప్పుడు ఇది బాగానే నడిచింది. ముగ్గురం మంచమంత చోట్లో ఇరుక్కున్నాక కూడా అదే పద్ధతి. నా మాట మూరెడు దూరంలో ఉన్న మనిషికి చేరాలన్నా మా అత్తగారు పైడమ్మ నోటి గుండానే వెళ్ళాలి. అక్కడ దానికి కాస్త ఉప్పూ కారం అంటేవి.

రెండో రోజు పొద్దున్న ఎడ్లకి గడ్డి వేస్తుంటే చూశాను. ఎడమ చక్రం కింద ఇసకలో తమలపాకంత నల్ల మరక. వంగి చక్రం కుండ వెనక, అంటే ఆకులన్నీ కలిసే నడిమి దిమ్మ వెనక, వేలు పెట్టాను. తడి. వాసన చూశాను. సొరచేప నూనె.

నాకు బళ్ళ సంగతి కొంచెం తెలుసు. కొంచెం అని మర్యాదకి అంటున్నాను. మా నాన్న ఆనకట్టకి పడవల్లో రాళ్ళు మోసి మోసి, నడుం పోయాక, ధవళేశ్వరం కార్ఖానాలో బళ్ళ కొట్లో పనికి కుదిరాడు. ఆయనకి గంజి తీసుకెళ్ళిన నేను మూడేళ్ళు అక్కడే ఉండిపోయాను. అక్కడి సీమోను మేస్త్రీ నాకు కొలబద్ద పట్టడం, అంగుళాలు లెక్కపెట్టడం, నాలుగు అక్షరాలు నేర్పాడు. ఇరుసు మీద చక్రం కుండ తిరిగే చోట కందెన ఎలా ఉండాలో, ఎందుకుండాలో కూడా నేర్పాడు. ఆముదంలో గడ్డిమసి కలిపి జిగటగా చేస్తారు కందెన. అది బయటికి పోకుండా, ఇసక లోపలికి రాకుండా కుండ వెనక ఒక తోలుబిళ్ళ వేస్తారు. మా బండిలో ఆ కందెన లేదు. పడవకి పూసే సొరనూనె రేవులో కుండలకొద్దీ దొరుకుతుంది కదాని మావగారు అదే పోశారు. చలికాలం అది పేరుకుని ఊరుకుంది. చైత్రం ఎండకి నీళ్ళైపోతోంది.

"అత్తగారూ," అన్నాను, "ఎడమ చక్రంలోంచి నూనె కారుతోందండి. సొరనూనె పనికిరాదు, ఆముదం కందెన వెయ్యాలి. లోపల తోలుబిళ్ళ కూడా చివికిపోయినట్టుంది. ఓ పూట ఆగి చక్రం విప్పి చూస్తే మంచిదండి."

ఆవిడ అటు తిరిగింది. "ఏవయ్యో, మీ కోడలు బండి విప్పేస్తానంటోంది."

"ఎందుకంట?"

"సరదా."

మావగారు ఎడ్ల మెడ కింద పలుపు సవరిస్తూ నవ్వారు. "పడవలోకి నీళ్ళొస్తే భయపడాలి గానీ, బండిలోంచి నూనె పోతే భయమేంటే? పోయినదానికి రెండింతలు పొయ్యమను."

పోశాను. రెండింతలు పోస్తే రెండింతలు కారింది. అల్లవరం దాటేసరికి మా వెనక నాలుగు పిల్లులు నడుస్తున్నాయి. పొలాల్లో వాళ్ళు పని ఆపి మరీ చూశారు. పెళ్ళికూతుర్ని పంపినట్టు ఆ పిల్లులు మమ్మల్ని ఊరి పొలిమేర దాకా సాగనంపి, అక్కడ ఇంకో ఊరి పిల్లులకి అప్పగించాయి.

దశమినాడు అమలాపురం చేరాం. మరక ఇప్పుడు విస్తరాకంత. మావగారు బజారుకెళ్ళి రెండు వస్తువులు తెచ్చారు. ఒకటి, కరణంగారి ముందుకి మర్యాదగా వెళ్ళడానికి కిర్రుచెప్పులు. జీవితంలో మొదటి జత. ఎలాగూ కరణంగారి ముందు విప్పెయ్యాల్సిందే గదా అని నేను అనలేదు. రెండోది, గుగ్గిలం.

ఆ గుగ్గిలం చూడగానే నాకు అర్థమైంది. పడవ పలకల సందులు ఎలా పూడుస్తారో అలా పూడుస్తారు. గుగ్గిలం కరిగించి, కొబ్బరిపీచు ముంచి, ఉలితో సందులో దట్టిస్తారు.

"అత్తగారూ, అది పడవ పని అండి. పలక కదలదు, అందుకు పూడిస్తే ఆగుతుంది. చక్రం తిరగాలండి. సందంతా మూసేస్తే కందెన లోపలికి పోదు, ఇరుసు కాలిపోతుంది. దయచేసి మొత్తం చెప్పండి, అన్ని మాటలూ."

అత్తగారు మొత్తం చెప్పింది. తన పద్ధతిలో. "ఏవయ్యో, నలభై ఏళ్ళూ మీరు పడవలు ముంచేరంటోంది."

"ఓహో."

"నేననలేదయ్యా, అదే అంటోంది."

ఆయన కోప్పడలేదు. నాకు వినపడాలని కాస్త గట్టిగా, అత్తగారితోనే అన్నారు. "చుక్కాని కొయ్య పడవలోంచి బయటికి పోయే చోట నేనే పూడుస్తాను. తిరుగుతుందా లేదా? తిరుగుతుంది. నీళ్ళొస్తాయా? రావు. పడవకి లేని తిప్పలు బండికెందుకంట?"

చుక్కాని గంటకి నాలుగుసార్లు అటూ ఇటూ కదులుతుంది, చక్రం గంటకి వెయ్యి చుట్లు తిరుగుతుంది అని నా నోటి దాకా వచ్చింది. అత్తగారి మొహం చూసి మింగేశాను. ఆ వెయ్యి ఆవిడ నోట్లో పడితే ఏమై బయటికొస్తుందో.

చక్రం విప్పడానికి పూట లేని మనిషి, ఏకాదశి రోజంతా కూర్చుని పూడ్చారు. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి, అంత నేర్పైన పని నేను ధవళేశ్వరంలో కూడా చూడలేదు. పీచు పోగు ఒక్కటి బయటికి లేదు. గుగ్గిలం కుండ చుట్టూ గాజులా మెరిసింది. మర్నాడు పొద్దున్న ఇసక పొడిగా ఉంది. పిల్లులు వచ్చి, వాసన చూసి, నిరాశపడి వెళ్ళిపోయాయి.

"చుక్క కారలేదు. చెప్పు దానికి," అన్నారు మావగారు.

"చుక్క కారలేదంట," అంది అత్తగారు. ఈ మాటకి మాత్రం ఏమీ కలపలేదు.

ద్వాదశినాడు ఇసక దారి కాబట్టి ఎడ్లు నెమ్మదిగా నడిచాయి, గండం గడిచింది. త్రయోదశినాడు గట్టి దారి వచ్చింది. మధ్యాహ్నం, పలివెల ఇంకా కోసుదూరం ఉందనగా, బండి ఎడమవైపు గుంజడం మొదలెట్టింది. ఎడమ ఎద్దు నురగలు కక్కుతోంది. చక్రం ఒకటే మూలుగు. అంతలో ఎక్కడి నుంచో కమ్మటి ధూపం వాసన వచ్చింది.

అత్తగారు కళ్ళు మూసుకుని చేతులు జోడించింది. "ఎవరో మహానుభావులు, ఇంత ఎండలో పూజ చేస్తున్నారు."

"పూజ మన చక్రంలోనే అత్తగారూ," అని నేను కిందకి దూకేశాను.

కుండలోంచి పొగ వస్తోంది. చక్రం ఇక తిరగడం లేదు, నేలమీద ఈడ్చుకుంటూ గీత గీసింది. మావగారు కుండెడు నీళ్ళు పోశారు. బుస్సుమని ఆవిరి లేచింది. ఇంకో కుండ పోశారు. తర్వాత చక్రం పట్టుకుని ఊపారు. రాయిలా ఉంది. మేం తాగే నీళ్ళు రెండు కుండలూ అయిపోయాయి.

బండి చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, చక్రం ముందు గొంతుక్కూర్చున్నారు. దారి ఖాళీగా ఉంది. ఇంకా అయిదు కోసులు ఉంది, రెండు రోజులుంది.

"ఇప్పుడేం చెయ్యాలి?" అన్నారు.

అత్తగారు నా వైపు తిరిగింది. "ఇప్పుడేం చెయ్యాలంటున్నా..."

"దానికి వినపడిందిలే," అన్నారు ఆయన, చక్రం మీంచి చూపు తియ్యకుండా.

నేనూ చక్రం దగ్గరికి వచ్చి వంగి చూశాను.

"బండి ఎత్తాలండి, మావయ్యగారూ."

"ఎంత?"

"బెత్తెడు చాలండి. చక్రం జారి రావాలి."

"ఎత్తడం నా పని," అని ఆయన లేచారు. "విప్పడం నీ పని."

అత్తగారు ఇద్దరి మధ్యా నిలబడి పైట సర్దుకుంది. పాపం, ఆవిడకి ఏం చెయ్యాలో తోచలేదు.

సామానంతా దారిపక్కన దింపాం. మావగారు తెరచాప కొయ్య విప్పి, తాటి మొద్దు ఒకటి దొర్లించుకొచ్చి, కొయ్య మొదలు ఇరుసు కిందకి దూర్చారు. నది ఒడ్డున పడవల్ని ఎత్తిన చెయ్యి అది, ఎక్కడ మొద్దు పెట్టాలో ఒక్క చూపులో తేల్చేసింది. కొయ్య రెండో కొన మీద అత్తగారిని కూర్చోమన్నారు.

"నేనా?"

"నువ్వే. గట్టిగా కూర్చో."

ఆవిడ కోడిపెట్టని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బండి బెత్తెడు కాదు, జానెడు లేచింది. "ఇన్నాళ్ళూ నా ఒంటిని చూసి నవ్వేరు గదా," అంది ఆవిడ పైనుంచి.

కింద రాళ్ళు పేర్చి, చక్రం జారకుండా ఇరుసు కొనన దిగేసిన సీల ఊడగొట్టి, ఇద్దరం చక్రాన్ని లాగాం. గుగ్గిలం కరిగి, ఇసకతో కలిసి, లోపల ఇటుకలా గడ్డకట్టింది. ఇరుసు కొన గోరుమందాన బొగ్గైంది. పగల్లేదు. వేలితో తడిమి, మూడుసార్లు తడిమి, అప్పుడు చెప్పాను. "పనికొస్తుందండి."

ఆయన ఊపిరి వదలడం వినపడింది.

బొగ్గంతా కత్తితో గీకి నున్న చేశాను. కుండ లోపలి గుగ్గిలం ఆయనే ఉలితో తీశారు. రోజంతా కూర్చుని ముచ్చటగా దట్టించిన పీచుని పోగు పోగు లాగేస్తుంటే నేను అటువైపు చూడలేదు. తోలుబిళ్ళ ఉండాల్సిన చోట నాలుగు పీలికలు మాత్రం దొరికాయి.

"తోలు కావాలండి. దళసరిది."

ఆయన బండి లోపలికి వెళ్ళి ఒక కిర్రుచెప్పు తెచ్చి ఇచ్చారు. పట్టీ తీసేసి అట్టని పరిచాను. ధవళేశ్వరంలో కొలబద్ద ఉండేది. ఇక్కడ కళ్ళతోనే కొలిచాను, గుండ్రంగా కోశాను, మధ్యలో కన్నం చేశాను, ఇరుసుకి తొడిగాను. వదులు. వేలు పట్టేంత వదులు. మూడేళ్ళ చదువు ఒక్క కోతలో పోయింది.

ఏమంటారో అని తల ఎత్తలేదు. నా పక్కన రెండో చెప్పు వచ్చి పడింది.

"ఈసారి దారంతో కొలు," అన్నారు.

దారంతో కొలిచాను. సరిపోయింది.

ఇక ఆముదం. పలివెల దాకా నడిచి వెళ్ళి అడగాలి, ఎవరిస్తారో తెలీదు. అప్పుడు అత్తగారు చేపల బుట్ట అడుగు నుంచి ఒక ముంత తీసింది. నిండా ఆముదం.

"ఏమే, ఇది ఎక్కడిది?" అన్నారు మావగారు.

"నా మోకాళ్ళకి రాసుకోడానికి దాచుకున్నాను. మొదటి రోజునుంచీ ఉంది. బండి మోకాళ్ళు ముందు పోతాయనుకున్నానా ఏంటి?" నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, "ఆయనకి అన్ని మాటలూ నేను చెప్పాల్సింది," అంది.

ఎడ్ల గడ్డిలో ఇంత తీసి కాల్చి, ఆ మసి ఆముదంలో కలిపాను. వేలికి అంటుకుని దిగనంత జిగట వచ్చింది. చక్రం ఎక్కించేసరికి పొద్దు వాలింది. పదడుగులు నడిపి ఆపాం. మావగారు వంగి చూశారు. కుండ వెనక ఒక చుక్క.

"మళ్ళీ కారుతోంది."

"కారాలండి. చుక్క కనపడితే లోపల కందెన ఉందని మనకి తెలుస్తుంది. చుక్క ఆగిందంటే భయపడాలి."

ఆయన ఆ చుక్కని వేలికి అద్దుకుని చూశారు. "పడవకి తిరగేసి."

"ఆయ్. తిరగేసేనండి."

చతుర్దశి అంతా బరువు తగ్గించడానికి ముగ్గురం నడిచాం. అత్తగారి చంకలో కోడి. అరకోసుకోసారి ఆగి నేను చక్రం కుండ మీద మణికట్టు ఆనించి చూసేదాన్ని. గోరువెచ్చన అయితే నడక, చురుక్కుమంటే నీడ. ముంతలో కందెన తగ్గుతున్నకొద్దీ ఆగడం ఎక్కువైంది. కొత్తపేట దాటాక నాకంటే ముందు మావగారే వెళ్ళి చెయ్యి పెట్టేవారు. "ఎలా ఉందండీ?" అంటే "నువ్వు చూడు" అనేవారు. నేను చూసి చెప్పేదాకా కదిలేవారు కాదు. ఒకచోట అయితే నేను ఇంకాస్త ఆగాలంటే, ఆయన పౌర్ణమి మర్చిపోయినట్టే కూర్చున్నారు. మర్చిపోలేదు. చుట్ట వెలిగించి, ఆర్పి, మళ్ళీ వెలిగించి, మూడు సార్లు చేశారు.

పౌర్ణమినాడు పొద్దు నడినెత్తి దాటాక కాలవ గట్టు ఎక్కాం. బుల్లబ్బాయి ఎదురు పరిగెత్తుకొచ్చాడు. కరణంగారు అప్పటికే అక్కడున్నారు, గొడుగు కింద, తాటాకు లెక్కల కవిలెకట్ట ఒళ్ళో పెట్టుకుని. కొంచెం అవతల ఎర్రయ్య మూటల మీద కూర్చుని ఉన్నాడు. అతని భార్య ఒళ్ళో నిద్రపోతున్న పిల్ల.

మావగారు వట్టికాళ్ళతో వెళ్ళి దండం పెట్టారు. "కాపురం వచ్చిందండి."

కరణంగారు మమ్మల్ని లెక్కపెట్టారు. తర్వాత బండిని చూశారు. "ఇల్లేదయ్యా?"

"ఇదేనండి ఇల్లు. వానలు పడేలోగా మట్టిగోడలు లేపుతామండి."

"చక్రాలున్నదాన్ని ఇల్లని నేనెలా రాసుకోను? రేపు పైవాళ్ళొచ్చి ఇల్లెక్కడయ్యా అంటే, నిన్నే అటు వెళ్ళిందండి అని చెప్పనా?" ఆయన లేచి గొడుగు భుజానికి ఆనించుకున్నారు. "దీపాలవేళకి మళ్ళీ వస్తాను. అప్పటికి నాకిక్కడ ఇల్లు కనపడాలి. బండి కనపడితే ఎర్రయ్య పేరు రాస్తాను. నన్ను తిట్టుకోకండి."

పద్నాలుగు కోసులు ఆ చక్రాలు తిరగాలని నేను చెయ్యని పని లేదు. ఇప్పుడు అవే మాకు అడ్డం. ఎర్రయ్య వాటినే చూస్తున్నాడు. అవి ఇంకొక్క చుట్టు తిరిగితే బాగుండునని అతని మొహంలో ఉంది. నాకు అతని మీద కోపం రాలేదు, అతని భార్య వైపు మాత్రం చూడలేకపోయాను.

"విప్పేద్దామా?" అన్నారు మావగారు. అడిగింది నన్ను.

"ముందు కుడివైపు ఎత్తండి, మావయ్యగారూ. ఎడమవైపు ఇరుసు కాస్త సన్నబడింది, దానికి ఆఖర్న బరువు తగలాలి."

బుల్లబ్బాయి నోరు తెరిచి నన్ను చూశాడు, వాళ్ళ నాన్నని చూశాడు, చివరికి వాళ్ళమ్మని చూశాడు.

"నన్ను చూడకురా," అంది అత్తగారు. "నా పని పోయింది. ఇంక కొయ్య మీద కూర్చోడమే."

తాటి మొద్దులు నాలుగు తెచ్చాడు మా ఆయన. తండ్రీ కొడుకులు ఎత్తారు, నేను సీలలు ఊడగొట్టాను, చక్రాలు లాగాం. ఎడ్లని కట్టే నొగలు విప్పేసి పక్కన పడేశాం. దీపాలవేళకి మా గది నాలుగు మొద్దుల మీద, తలుపు కాలవ వైపు పెట్టుకుని కూర్చుంది. అత్తగారు గుమ్మం ముందు నీళ్ళు చల్లి, మూడు రాళ్ళు పెట్టి పొయ్యి వెలిగించింది. కరణంగారు వచ్చి చుట్టూ తిరిగి, ఒక మొద్దుని కాలితో తన్ని చూసి, కదలకపోయేసరికి గంటం తీశారు.

"ఇంత తొందరగా ఎవరు విప్పేరయ్యా? వడ్రంగిని పిలిచేరా?"

"లేదండి. మా కోడలు."

ఆయన నా వైపు చూడలేదు. తాటాకు మీద గీకుతూ, "ఊఁ," అన్నారు అంతే. ఎర్రయ్య లేచి మూటలు సర్దుకున్నాడు. అత్తగారు వాళ్ళని పిలిచి, పొయ్యి మీది అన్నం దించి, తిని వెళ్ళమంది. తిని వెళ్ళారు.

మర్నాడు పొద్దున్నే నేను బిందె కడుగుతున్నాను. మావగారు కొత్త పడవ తాళ్ళు చూసుకుంటున్నారు. గట్టు మీద బియ్యం బస్తాల బండి ఒకటి ఆగింది. దాని చక్రం అరుపుకి ఎడ్లే సిగ్గుపడుతున్నట్టున్నాయి. బండివాడు దిగి, ఇక్కడ చక్రాలు చూసేవాళ్ళున్నారటగా, ఎవరండీ అని అడిగాడు.

మావగారు తాడు కింద పెట్టారు. బండివాణ్ణి, వాడి చక్రాన్ని ఓసారి చూసి, ఇటు తిరిగారు.

"మాణిక్యం! బిందె అక్కడ పెట్టి ఇలా రామ్మా. ఎవరో వచ్చేరు."